కౌలుకు చేసిన చేను తుపానుకు పోయింది, పెట్టుబడి రాయితీ జాబితాలో యజమాని పేరు వచ్చింది: ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న – డెల్టా ఆడపడుచు

అందరికీ నమస్కారం. మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక చిన్న గ్రామం. మా నాన్నగారికి సొంతంగా ఎకరం పొలం ఉంది. దానికి తోడు మరో ఐదెకరాలను ఇద్దరు యజమానుల దగ్గర కౌలుకు తీసుకుని పదకొండేళ్లుగా వరి పండిస్తున్నారు. మూడెకరాల యజమాని పక్క ఊళ్లోనే ఉంటారు, రెండెకరాల యజమాని హైదరాబాదులో స్థిరపడ్డారు. కౌలు ఎకరానికి ఇరవై బస్తాలు. ఒప్పందమంతా నోటిమాటే తప్ప ఇన్నేళ్లలో ఎన్నడూ కాగితం రాసుకున్నది లేదు, ఆ అవసరం వస్తుందని మేము అనుకోనూ లేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు మా సాంబ మసూరి చేను పాలు పోసుకునే దశలో ఉంది. తెల్లవారి చూస్తే చేనంతా ఒకే వైపుకు ఒరిగి నీళ్లలో పడి ఉంది. మురుగు కాలువ నిండిపోవడంతో నాలుగు రోజుల దాకా నీళ్లు దిగలేదు. నాన్నగారు మోకాటి లోతు నీళ్లలో నిలబడి, పడిపోయిన దుబ్బులను నాలుగైదు చొప్పున కలిపి జడలాగా కట్టి నిలబెడుతూ రెండు రోజులు గడిపారు. అలా చేయగలిగింది అరెకరం కూడా లేదు. ఆ తరువాత ఒక వెన్ను కోసుకొచ్చి అమ్మకు చూపించి గింజలను గోటితో నొక్కితే, నాలుగు గింజలలో మూడింటి నుంచి పాలు రాలేదు, పొల్లే మిగిలింది.

నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు, చేను చూశారు, నాన్నగారిని గట్టు మీద నిలబెట్టి ఫొటో కూడా తీశారు. కానీ రైతు సేవా కేంద్రం గోడకు అంటించిన జాబితాలో నాన్నగారి పేరున సొంత ఎకరం మాత్రమే ఉంది, మిగిలిన ఐదెకరాలు ఇద్దరు యజమానుల పేర్ల మీద ఉన్నాయి. అడిగితే, ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ప్రభుత్వ జాబితా) పట్టాదారు పేరుతోనే జరిగిందని, జాబితా దాని నుంచే వచ్చిందని చెప్పారు. పక్క ఊరి యజమాని "డబ్బు పడ్డాక చూద్దాంలే" అంటున్నారు. హైదరాబాదులో ఉన్నవారు ఫోను తీయడం లేదు.

ఈ సాయం న్యాయంగా ఎవరికి చెందాలి? ఈ దశలో పేరు మార్పించుకోవడానికి వీలుందా? యజమానులతో సంబంధం చెడకుండా దీన్ని ఎలా నడపాలో తెలిసినవారు చెప్పగలరు. వచ్చే ఏడు ఆ పొలం చేతిలో లేకపోతే ఈ డబ్బు వచ్చినా మాకు మిగిలేదేమీ ఉండదు.

సమాధానం 1 – విశ్రాంత వ్యవసాయాధికారి

అమ్మా, నేను మూడు దశాబ్దాలకు పైగా వ్యవసాయ శాఖలో పనిచేసి, చాలా తుపానుల తరువాత ఇటువంటి జాబితాలు రాసినవాడిని. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ సాయం పేరులోనే ఉంది. దీన్ని చాలామంది నష్టపరిహారం అంటారు గానీ ప్రభుత్వ ఉత్తర్వులలో ఉండే మాట పెట్టుబడి రాయితీ. పోయిన పంట విలువను కట్టి ఇచ్చే సొమ్ము కాదిది. పెట్టుబడి పోగొట్టుకున్న రైతు మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కుని పంట వేయగలిగేలా ఇచ్చే ఆసరా. విత్తనం కొననివారికి, ఎరువు చల్లనివారికి, దమ్ము చేయించనివారికి పెట్టుబడి రాయితీ ఇవ్వడమంటే ఆ మాటకు అర్థమే ఉండదు. కౌలు బస్తాలు ముందే మాట్లాడుకున్న యజమానికి ఈ పంటలో పోయిన పెట్టుబడి లేదు, మీ నాన్నగారికి ఉంది.

ఇక మొత్తం ఎంత అన్నది. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 2026 వరకు నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటే నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధార భూమికి 8,500, తోటల వంటి బహువార్షిక పంటలకు 22,500 చొప్పున రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి ఇవ్వవచ్చు. మన రాష్ట్రానికి ఆ నిధిలో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం సమకూరుస్తాయి. రాష్ట్రం తన సొంత డబ్బు కలిపి ఎక్కువ ఇవ్వడానికీ అడ్డు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదల తరువాత వరికి హెక్టారుకు 25,000, అంటే ఎకరానికి 10,000 ప్రకటించింది అలాగే. ఒక్కొక్క రైతుకు రెండు హెక్టార్ల వరకే అన్న పరిమితి ఉంది గనుక, ఆరెకరాలూ మీ నాన్నగారి పేరుకు వచ్చినా లెక్క ఐదెకరాల దగ్గర ఆగుతుంది. కేంద్ర ప్రమాణం ప్రకారం అది 34,000 రూపాయలు. ఆరెకరాల వరికి పెట్టిన ఖర్చు పక్కన ఇది ఎంత చిన్న మొత్తమో నాకు తెలుసు. కానీ ఆ చిన్న మొత్తమైనా దాళ్వాకో (రెండో పంట వరికో) అపరాలకో విత్తనం ఖర్చుకు నిలబడుతుంది.

33 శాతం అన్న గీత గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నష్టపోయిన రైతులు చాలామంది అక్కడే జారిపోతారు. 2015 దాకా సగం పంట పోతే తప్ప సాయం లేదు, ఆ ఏడాది ఏప్రిల్‌లో దాన్ని మూడో వంతుకు తగ్గించారు. అయితే ఆ మూడో వంతును కొలిచేది యంత్రం కాదు, గట్టు మీద నిలబడిన మనిషి కన్ను. పాలు పోసుకునే దశలో పడిపోయిన వరి మొదటి వారంలో పచ్చగానే ఉంటుంది, దూరం నుంచి చూసినవారికి కోలుకుంటున్నట్టే కనిపిస్తుంది. రెండు మూడు వారాలు గడిచి మంచి చేను వెన్ను బంగారు రంగుకు తిరిగి బరువుకు వంగేటప్పటికి, దెబ్బతిన్న చేను వెన్ను తెల్లగా, తేలికగా నిటారుగా నిలబడుతుంది, అప్పుడు తెలుస్తుంది ఎంత పొల్లు పోయిందో. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చేనులో నాలుగు మూలలా, నడుమ ఒక చోటా వెన్నులు కోసి, నిండు గింజలనూ పొల్లు గింజలనూ వేరుచేసి లెక్కపెట్టించేవాడిని. అందుకు పట్టే సమయం ఒక చేనుకు అరగంట. ఊరికి ఒక్కరే ఉండి, వందల ఎకరాలు కొద్దిరోజుల్లో రాసి పంపాల్సిన గ్రామ సహాయకుడికి ఆ అరగంట దొరకదు. అందుచేత ఎవరి పొలమైనా జాబితాలో అసలు లేకపోతే, గింజ గట్టిపడే వేళకు మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడగడం తప్పు కాదు.

మీ విషయంలో నష్టం నమోదైంది, పేరు ఒక్కటే తప్పింది. జాబితాను గోడకు అంటించేది అభ్యంతరాలు తీసుకోవడానికే, దాన్నే సామాజిక తనిఖీ అంటారు. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది గనుక రేపే వెళ్లండి. సర్వే నంబర్లు, విస్తీర్ణం, యజమానుల పేర్లు, ఎన్నేళ్లుగా సాగు చేస్తున్నారన్నది ఒక కాగితం మీద రాసి, మీ నాన్నగారి పేరున ఉన్న ఎరువుల బిల్లులు, తేదీతో ఉన్న ఫొటోలు, అటూ ఇటూ పొలాల రైతుల సంతకాలు జతచేసి ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నోటితో చెప్పినది ఫైలులోకి ఎక్కదు. అక్కడ కదలకపోతే మండల వ్యవసాయాధికారికి, తహసీల్దారుకు అదే అర్జీ ప్రతి ఇచ్చి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించండి. యజమాని నుంచి "ఈ పంట వేసింది ఫలానావారు, సాయం వారికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు" అని రెండు వాక్యాల లేఖ తేగలిగితే పని సగం తగ్గుతుంది.

వచ్చే పంటకు మాత్రం పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోకుండా నాట్లు వేయవద్దు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఇచ్చే ఆ పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కునూ ఇవ్వదు. యజమానులు సంతకానికి వెనకాడేది 1956 నాటి కౌలుదారీ చట్టం మిగిల్చిన భయం వల్ల. ఒకసారి కౌలుదారుగా రాసి ఇస్తే ఇక భూమి తిరిగి రాదని వారి తండ్రుల కాలం నుంచీ విని ఉన్నారు. ఆ భయాన్ని తీర్చడానికే కొత్త చట్టంలో పంటనూ భూమినీ విడదీశారని వారికి ఓపికగా చెప్పండి.

సమాధానం 2 – మధిర రైతు

నాది ఖమ్మం జిల్లా. మా దగ్గర వ్యవహారం మీ కన్నా కష్టంగా ఉండేది, ఎందుకంటే 2020లో కొత్త పాసు పుస్తకాల చట్టం వచ్చాక రికార్డులలో సాగుదారు కాలమే లేకుండా పోయింది. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, అనుభవదారు అని ఒక గడి ఉండేది, కౌలుదారు పేరు అందులో రాయించుకునే వీలుండేది. ఆ చట్టం నడిచిన రోజుల్లో కంప్యూటరులో పట్టాదారు తప్ప మరొకరు కనిపించేవారు కాదు.

2023 మార్చిలో వడగండ్లకు నా మొక్కజొన్న పోయింది. కండెలు కట్టి, ఇంకో మూడు వారాలైతే విరవాల్సిన చేను. రాళ్లు పడ్డ పది నిమిషాల్లో ఆకులన్నీ ఈనెలుగా చీలిపోయాయి, కర్రలు నడుముకు విరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మా జిల్లాకు వచ్చి పొలాలు చూసి ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించారు. కౌలు రైతులకు కూడా అందేలా చూడాలని అక్కడే అధికారులకు చెప్పారు. ఆ ఒక్క మాట మాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. రికార్డులో మా పేరు లేకపోయినా, వ్యవసాయ విస్తరణాధికారి చేలోకి వచ్చి సాగు చేస్తున్నవారి బ్యాంకు ఖాతా నంబరు రాసుకోవడానికి దానివల్ల వీలు చిక్కింది. మా ఊళ్లో నాకు, మరో ఆరుగురు కౌలు రైతులకు డబ్బు నేరుగా వచ్చింది. ఇద్దరికి మాత్రం యజమానులు ఒప్పుకోక రాలేదు.

నేను గమనించినదేమిటంటే, డబ్బు ఖాతాలో పడకముందు "నీకే రావాలి" అని ఒప్పుకునే యజమానులు చాలామంది ఉంటారు, పడిన తరువాత తీసి ఇచ్చేవారు తక్కువ. మనుషులు చెడ్డవారని కాదు, ఖాతాలో పడినది తమదేనని అనిపించడం సహజం. అందుకని మీ పక్క ఊరి యజమాని "పడ్డాక చూద్దాం" అంటే అంతటితో ఊరుకోవద్దు. ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని నాన్నగారే స్వయంగా వెళ్లాలి, మీరు ఫోనులో మాట్లాడితే కాదు. పదకొండేళ్లుగా కౌలు బస్తాలు ఎగ్గొట్టకుండా కొలిచిన రైతు గడపలోకి వచ్చి అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం. వెళ్లేటప్పుడు ఆ లేఖ రాసి సిద్ధంగా తీసుకుపోవాలి.

అలాగే ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు అనుసంధానమై ఉందో ఇప్పుడే చూసుకోండి. నాకు వచ్చిన డబ్బు నేను ఎప్పుడో వాడడం మానేసిన ఖాతాలో పడి, అది తెలియక నెలన్నర తిరిగాను.

సమాధానం 3 – అయోవాలో ఉంటున్న ఆంధ్రుడు

ఈ చర్చలో నేను అటువైపు మనిషిని. కృష్ణా జిల్లాలో మాకు నాలుగెకరాలు ఉన్నాయి, కౌలుకు ఇచ్చాము, నేను అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాను. మా కౌలుదారు హక్కు పత్రానికి సంతకం అడిగినప్పుడు రెండేళ్లు ఏదో ఒక సాకుతో దాటవేశాను. నా భయమంతా పైన అధికారి గారు చెప్పిన భయమే, మా నాన్నగారి నోట విన్నదే. అది మారింది ఇక్కడ నా పొరుగువారి వ్యవసాయం చూసిన తరువాత.

ఇక్కడ సాయం కౌంటీ (మన జిల్లా లాంటిది) వారీగా నడుస్తుంది. దాదాపు ప్రతి వ్యవసాయ కౌంటీకీ కేంద్ర వ్యవసాయ శాఖ కింద ఒక కార్యాలయం ఉంటుంది, అక్కడి రైతులు ఓటు వేసి ఎన్నుకున్న రైతుల కమిటీ దానికి తోడుగా ఉంటుంది. మొక్కజొన్న, సోయా వేసిన ప్రతి రైతూ జులై 15 లోపు ఆ కార్యాలయానికి వెళ్లి, ఏ పొలంలో ఏ పంట ఎన్ని ఎకరాలు వేశారో పటం మీద గుర్తించి నమోదు చేయిస్తారు. ఆ కాగితంలో ప్రతి పొలానికీ ఎవరి వాటా ఎంత అన్న గడి ఉంటుంది. పొలాన్ని నగదు కౌలుకు ఇస్తే పంట వాటా మొత్తం కౌలుదారుదే, యజమాని వాటా సున్నా. పంటను పాలుకు ఇచ్చి ఉంటే సగం సగమో, వారు మాట్లాడుకున్నంతో రాస్తారు. పంట పోయినా వానకు తడిసినా ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో సాయం వారికే అన్నది ఇక్కడి సూత్రం. భూమి ఎవరిదన్న ప్రశ్న అందులో అడ్డురాదు.

2020 ఆగస్టు 10న డెరెచో అనే పెనుగాలి అయోవాను ఒక చివరి నుంచి మరో చివరి దాకా తొక్కుకుంటూ పోయింది. మనిషిని మించి ఎదిగిన మొక్కజొన్న మైళ్ల పొడవునా చాప పరిచినట్టు పడిపోయింది. నాకు పరిచయమున్న ఒక రైతు సాగు చేసే భూమిలో ఎక్కువ భాగం కౌలుదే. బీమా సొమ్ము త్వరగానే వచ్చింది గానీ, దాని పైన కేంద్రం ఇచ్చే విపత్తు సాయం కోసం అమెరికన్ కాంగ్రెస్ 2021 సెప్టెంబరు చివరిలో చట్టం చేస్తే, 2022 మేలో గాని దరఖాస్తులు మొదలు కాలేదు. అంత ఆలస్యం ఇక్కడా ఉంది, దాన్ని దాచను. కానీ ఆ దరఖాస్తు ఆయన ఇంటికి వచ్చేసరికి వివరాలన్నీ బీమా రికార్డుల నుంచి ముందే నింపి ఉన్నాయి, ఆయన సంతకం చేసి పంపడమే మిగిలింది. ఆయన తన భూయజమానిని ఒక్క మాట అడగాల్సిన పని పడలేదు. ఆ యజమానురాలు భూమిని పోగొట్టుకోనూ లేదు.

అది చూశాక నేను 2019 చట్టం పాఠం తెప్పించుకుని చదివాను, మా తమ్ముడి చేత ఊళ్లో పని నడిపించి సంతకం పెట్టాను. రెండు పంటలు అయ్యాయి, పొలం నా పేరునే ఉంది. మీ హైదరాబాదు యజమాని గారికి నా మాటగా ఈ సంగతి చెప్పండి. ఫోను తీయకపోతే ఒక ఉత్తరం రాయండి. తాను అన్యాయం చేస్తున్నానని కాదు, తనను ఎవరో మోసం చేస్తారేమోనని భయపడే మనిషికి ఫోను కన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ.

సమాధానం 4 – డెల్టా ఆడపడుచు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. జవాబిచ్చిన ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ తరఫున నమస్కారాలు.

అభ్యంతరం మర్నాడే ఇచ్చాము. రసీదు అడిగితే మొదట అవసరం లేదన్నారు, నాన్నగారు బల్ల దగ్గరే నిలబడి ఉండడంతో ముద్ర వేసి ఇచ్చారు. మధిర రైతు గారు చెప్పినట్టే నాన్నగారు మా ఊరి మాజీ సర్పంచి గారిని వెంటబెట్టుకుని పక్క ఊరికి వెళ్లారు. ఆ యజమాని లేఖ రెండుసార్లు చదివించుకుని, "భూమి మాటేమీ లేదు కదా" అని అడిగి సంతకం చేశారు. ఆ మూడెకరాలు నాన్నగారి పేరుకు మారినట్టు సవరించిన జాబితాలో నిన్న చూసుకున్నాము. సొంత ఎకరంతో కలిపి నాలుగు.

మిగిలిన రెండెకరాలది ఇంకా తేలలేదు. హైదరాబాదు చిరునామాకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాను, అందులో అయోవా అన్నయ్య గారి అనుభవం కూడా రాశాను. ఉత్తరం అందినట్టు కార్డు తిరిగి వచ్చింది, జవాబు రాలేదు. ఇరుగుపొరుగు రైతులు నలుగురు సంతకాలు పెట్టిన కాగితంతో ఈ సోమవారం నాన్నగారిని కలెక్టరేటుకు తీసుకువెళ్తున్నాను.

అధికారి గారికి ఒక చిన్న ప్రశ్న. ఆ రెండెకరాలలో నీళ్లు దిగిన చోట మినుము చల్లాలని నాన్నగారి ఆలోచన. కొత్త పంటకు ఈ-పంట నమోదు మొదలైనప్పుడు, యజమాని సంతకం లేకున్నా సాగుదారుగా నాన్నగారి పేరు రాయమని ముందుగానే అర్జీ ఇచ్చి రసీదు తీసుకుని ఉంచుకోవచ్చా? తేమ ఆరేలోపు విత్తనం పడాలి, అందుకే ఈ వారంలోనే అడుగుతున్నాను.

సమాధానం 5 – విశ్రాంత వ్యవసాయాధికారి

ఇవ్వండి అమ్మా, సోమవారం ఇచ్చే అర్జీలోనే రెండో అంశంగా అది కూడా రాయండి. విత్తనాల రసీదు నాన్నగారి పేరునే తీసుకోండి, చల్లిన రోజున పొలంలో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. నమోదుకు మనిషి వచ్చినప్పుడు వేలిముద్ర ఎవరిది తీసుకుంటున్నారో నాన్నగారు దగ్గరుండి చూడాలి. అన్నట్టు, ఆ మురుగు కాలువ పూడిక సంగతి కూడా అదే అర్జీలో వేరుగా రాయండి. నీళ్లు నాలుగు రోజులు నిలవకపోయి ఉంటే ఆ చేనులో కొంతైనా గింజ దక్కేది.